అబ్బులు గారు అడిగిన ఎడం

నరసాపురంలో మర్యాదకు ఏనాడూ కొరత లేదు. కొరతంతా ఆ మర్యాద చేసుకోవడానికి కావలసిన చోటుకే. లాకుల దగ్గర మొదలై పాత వంతెన దాకా వెళ్ళే కాలువ గట్టు, మంచి చోట చూసి కొలిచినా ఏడడుగుల వెడల్పు ఉండదు. పొద్దున ఆరింటికీ ఎనిమిదింటికీ మధ్య ఆ ఏడడుగుల్లోనే నడిచేవాళ్ళూ, వాళ్ళ కుక్కలూ, బడికి పోయే పిల్లలూ, ఒక గుర్రమూ ఒకరికొకరు దారి ఇచ్చుకోవాలి. 2004లో నేను ఆ ఊరు వచ్చేనాటికి అందరూ ఎంతో మర్యాదగా ఇచ్చుకుంటూనే ఉన్నారు. మాలో ఒకాయన కాలువలో పడటం కూడా ఆ మర్యాద వల్లే జరిగింది.

గుర్రం అబ్బులు గారిది. ముప్పై ఏళ్ళు ఆయన రైలు దిగినవాళ్ళను జట్కాలో ఇళ్ళకు చేర్చారు. ఆటోలు వచ్చాక స్టేషను బయట జట్కా ఎక్కేవాళ్ళు కరువయ్యారు. ఆయన బండిని అమ్మేశారు, గుర్రాన్ని అమ్మలేదు. దాని పేరు ప్యాసింజరు. ఆలస్యంగా వచ్చినా తప్పకుండా వస్తుందని పెట్టిన పేరట. ముహూర్తాల రోజుల్లో పెళ్ళికొడుకులు దాని మీద ఊరేగేవారు. మిగతా రోజుల్లో దానికి ఒకటే పని, నడవడం. వయసు మీద పడింది, ఒకేచోట కట్టేస్తే వెనక కాళ్ళు వాస్తాయి, రోజూ మెత్తటి నేల మీద రెండు గంటలు తిప్పమని పశువుల డాక్టరు చెప్పారు. ఊరి చుట్టుపక్కల తారు పడని నేల ఆ గట్టొక్కటే.

అబ్బులు గారికి మోకాళ్ళ నొప్పి. అందుకే గుర్రం వీపు మీద గోనెపట్టా వేసుకుని ఎక్కి వచ్చేవారు. కానీ గట్టు మీద మనిషి కనిపిస్తే చాలు, పది గజాల అవతలే దిగిపోయేవారు. నడిచేవాడి ఎదుట గుర్రం మీద కూర్చుంటే పైనుంచి మాట్లాడినట్టుంటుందని ఆయన ఉద్దేశం. దిగడం తేలికే, మళ్ళీ ఎక్కాలంటే ఏదో ఒక ఎత్తు కావాలి. గట్టు పొడుగునా ఉన్న ఎత్తల్లా మూడు తూముల గోడలు. ఒక్క మనిషికి దారిచ్చినందుకు ఆయన తర్వాతి తూము దాకా కుంటుకుంటూ నడవాలి. రద్దీ రోజున గుర్రం మీద తిరిగే ఈ మనిషి, ఆరోగ్యం కోసం నడిచేవాళ్ళందరి కంటే ఎక్కువ నడిచేవారు. దీన్ని ఎవరూ గమనించలేదు. గమనించడానికి మాకు తీరిక లేదు, నడుస్తున్నాం కదా.

కుక్కల విషయంలోనూ అంతే. కుక్క ఎదురైతే గుర్రాన్ని ఆపి, దాని ముఖాన్ని తన భుజానికి ఆనించి పట్టుకునేవారు. కుక్కకు కూడా "ఎల్లండి, ఎల్లండి" అనేవారు.

"మనిషి ఎనకమాల నించి గుర్రం వస్తే మనిషి బెదురుతాడండి. గుర్రం ఎనకమాల నించి మనిషి వస్తే గుర్రం బెదురుద్దండి. ఇద్దరికీ ముందుగా ఒక మాట చెప్పుకుంటే గొడవుండదండి" అనేవారు.

ఆ ముందుగా చెప్పే మాట "ఎడమండీ!"

ఇరవై గజాల వెనక నుంచి, స్టేషను ముందు అరిచి అరిచి అరిగిన గొంతుతో, సాగదీసి అనేవారు. మేమంతా వెంటనే ఎడమ పక్కకు జరిగేవాళ్ళం. లాకుల నుంచి వంతెన వైపు నడిచేటప్పుడు ఎడమ పక్కన కాలువ. అబ్బులు గారు కూడా గుర్రాన్ని సరిగ్గా ఆ కాలువ పక్కకే పట్టుకొచ్చేవారు. మేము ఆయనకు అడ్డం, ఆయన మాకు అడ్డం. ఆయన ఆగి, దిగి, గుర్రాన్ని వెనక్కి నెట్టి, మాకు దండం పెట్టి నిలబడేవారు. ఎడమకు పొమ్మని తానే ఎడమకు వచ్చే మనిషిని చూసి మేము జాలిపడేవాళ్ళం. మమ్మల్ని చూసి ఆయన ఏమనుకునేవారో అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.

నేనప్పుడు రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని చేసేవాణ్ణి. పొద్దస్తమానం నీటిలో ఆక్సిజన్ ఎంత, అమ్మోనియా ఎంత అని చూసే మనిషికి ఇంటికొచ్చాక కూడా ఆ చూపు మారదు. మా అమ్మాయి కీర్తిప్రియకు ఐదేళ్ళు, బరువు పదహారు కిలోలు. గుర్రం మూడు వందల కిలోలకు తగ్గదు. ఈ రెండు అంకెలూ ఒకే గట్టు మీద నడుస్తుంటే నాకు గుండె నిలకడగా ఉండేది కాదు. పోనీ రోడ్డు మీద తీసుకెళ్దామంటే అటు రొయ్యల లారీలు. అందుకని గట్టు మీద వెళ్తూనే, శాస్త్రీయంగా ఒక జాగ్రత్త నేర్పాను. "ఎడమండీ అని వినపడగానే ఆలోచించకు. నా చెయ్యి వదిలేసినా పర్వాలేదు, టక్కున ఎడమ పక్కకు వెళ్ళిపో." ఇంట్లో వరండాలో పదిసార్లు అలవాటు చేయించాను. ఆ తర్వాత నిశ్చింతగా నిద్రపోయాను కూడా.

గట్టు మీద మాకొక వాకర్స్ అసోసియేషన్ ఉండేది. ప్రెసిడెంటు చంద్రరావు గారు, బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. సభ్యులంతా తెల్ల టోపీలు పెట్టుకుని, షుగరు గురించి మాట్లాడుకుంటూ ఐదుగురు ఒకే వరసలో నడిచేవారు. వెనక ఎవరైనా వస్తే ఐదుగురూ ఒకేసారి ఆగి, ఒకేసారి తిరిగి, "రండి రండి, మీరే ముందు" అనేవారు. వచ్చినవాడు కాలువలోంచి ఈదుకుంటూ ముందుకు పోవాలని కాబోలు.

వాళ్ళకు తోడు శ్యామలాంబ గారు, ఆవిడ పమేరియన్ కుక్క పింకీ. పింకీ మెడకు ఐదు మీటర్ల నైలాన్ తాడు. ఆ ఐదు మీటర్ల పరిధిలో ఎవరి పిక్క కనిపించినా అది దూకేది. శ్యామలాంబ గారు అవతలి కొస నుంచి చల్లగా "ఏమీ చెయ్యదండీ" అనేవారు. ఆ మాట పింకీకి తెలిసినట్టు లేదు. అది మా అమ్మాయి చెయ్యి నాకిన తేదీలను నేను మనసులో రాసుకుని, ఒక్కో తేదీ మీదుగా పది రోజులు గడిచి దానికి పిచ్చి లేదని తేలితే ఊపిరి పీల్చుకునేవాణ్ణి.

2005 ఫిబ్రవరిలో ఒక పొద్దున అందరం వంతెన వైపు వెళ్తున్నాం. వెనక నుంచి "ఎడమండీ!" అని కేక. ఐదు టోపీలూ ఎడమకు జరిగాయి. పింకీ కూడా జరిగింది, కాకపోతే చంద్రరావు గారి కాళ్ళ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి మరీ. ఆయన తాడును తన్నారు, తాడు ఆయన్ని లాగింది, ఆయన కూర్చున్నట్టుగానే గట్టు మీంచి జారి కాలువలో దిగారు. లోతు నడుముకు మించి లేదు. పైనంతా దట్టంగా గుర్రపుడెక్క, మన కాలువలన్నిటినీ కప్పేసే ఆ ఊదారంగు పూల నీటి మొక్క. అందులోంచి తెల్ల టోపీ ఒకటి, దాని కింద ప్రెసిడెంటు గారి ముఖం ఒకటి పైకి కనిపించాయి.

అదే క్షణంలో నా చేతిలో కీర్తిప్రియ చెయ్యి లేదు. నేర్పినట్టే టక్కున ఎడమకు వెళ్ళి, ప్యాసింజరు ముందు కాళ్ళకు రెండు బారల దూరంలో నిలబడి ఉంది. అబ్బులు గారు కళ్ళెం రెండు చేతులతో పట్టుకుని, తన ఒంటిని గుర్రానికీ పాపకూ మధ్య అడ్డం పెట్టి, "పాపగారూ, కదలకండి, కదలకండి" అంటున్నారు. గుర్రం కదల్లేదు. నేను పాపను ఎత్తుకుని బడి దాకా దింపలేదు.

ఆ సాయంత్రమే ప్రెసిడెంటు గారి వరండాలో సమావేశం. గుర్రాన్ని గట్టు మీదికి రాకుండా చేయాలని ఇరిగేషను ఆఫీసుకు అర్జీ. పింకీ ప్రస్తావన ఎవరూ తేలేదు, పక్కింటి నుంచి టీ తెచ్చి ఇస్తున్నది శ్యామలాంబ గారు. సైన్సు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, రాసే పని నాకు అప్పగించారు. రాశాను. పాపను చూసినప్పటి భయం ఇంకా తగ్గలేదు, అందుకే బాగా కుదిరింది. "అధ్యక్షులవారు గుర్రపుడెక్కలో పడిపోయారు" అన్నది నా వాక్యం. టైపు సెంటరులో కూర్చున్నాయనకు వాక్యం సరిగ్గా లేదనిపించింది కాబోలు, దిద్దిపెట్టాడు: "అధ్యక్షులవారు గుర్రపు డెక్కల కింద పడిపోయారు."

నేను చదివాను. జేబులో పెన్ను ఉంది. తీయలేదు.

పది రోజులకు ఒక మధ్యాహ్నం ల్యాబు గుమ్మం ముందు డెక్కల చప్పుడు వినపడింది. అబ్బులు గారు గుర్రాన్ని కరెంటు స్తంభానికి కట్టి, చెప్పులు బయట విడిచి, మడత పెట్టిన కాగితంతో లోపలికి వచ్చారు.

"నమస్కారమండి లేబ్ బాబుగారూ. ఇరిగేషనోళ్ళు కాయితం పంపారండి. ఏడు రోజుల్లో జవాబు చెప్పకపోతే గట్టు మీదకి గుర్రాన్ని రానివ్వరంటండి. ఆ జవాబేదో తమరు రాసి పెట్టాలండి."

"నేనా?" అన్నాను.

"ఆయ్. అర్జీ రాసింది తమరేనంట గదండీ. ప్రెసిడెంటు గారే చెప్పారండి, మురిసిపోతా. నాలుగు ముక్కల్లో నా గుర్రాన్ని పులిని చేసేశారంట."

"అది కాదండీ అబ్బులు గారూ, ఆ రోజు పాప..."

"తప్పేం లేదండి. తిట్టడమే ఇంత బాగా రాసినోరు, పొగడటం ఇంకెంత బాగా రాస్తారో అని వొచ్చానండి. ఇంకో రాసేవోడి కాడికెల్తే మొదటి నించీ చెప్పుకోవాలి. తమరికైతే సగం తెలుసు."

కూర్చోమంటే కూర్చోలేదు. గుర్రం కనిపించేలా కిటికీ పక్కన నిలబడ్డారు.

"ఒకటి అడుగుతానండి, ఏమీ అనుకోకండి. ఆయన డెక్క కింద పడ్డారని ఉందంట. ఏ డెక్కండి? ముందుదా, ఎనకదా? ఆ రోజు నాలుగూ నా కళ్ళ ముందే ఉన్నాయండి."

టైపులో జరిగింది చెప్పాను.

"అచ్చయ్యాక తమరు చూశారాండి?"

"చూశాను."

"ఆయ్" అన్నారు. ఈ జిల్లాలో ఆ ఒక్క మాటకు చాలా అర్థాలున్నాయి. ఆ రోజు ఆయన ఏ అర్థంలో అన్నారో నేను తెలుసుకోవాలని ప్రయత్నించలేదు.

సిగ్గును కోపంగా మార్చుకోవడం చదువుకున్నవాళ్ళకు బాగా వచ్చు. "అయినా మీరు చేసేది మాత్రం బాగుందా? మమ్మల్ని ఎడమకు పొమ్మని కేకేసి, మళ్ళీ మీరే ఎడమ పక్కకు తోలుకొస్తారేంటండీ?" అన్నాను.

"నేను రాకపోతే ఎవరొస్తారండి? అది కాలవ పక్క కదండీ. జారితే నేనూ గుర్రమూ జారతాం. మిమ్మల్ని కాలవ పక్కకి తొయ్యమంటారా?"

"తొయ్యడమెందుకు, ఎడమకు పొమ్మని మీరే అంటున్నారుగా!"

"నేనెప్పుడన్నానండీ? నేను ఎడం అడిగానండి." రెండు చేతులూ బార్లా చాపారు. "ఎడం. ఇంత ఎడం. స్టేషను కాడ జనంలోకి బండి తోలేటప్పుడు ముప్పై ఏళ్ళు అదే అరిచానండి. ఎడం ఇస్తే గుర్రం బెదరకుండా పోద్ది."

నేను ఆయన చాచిన చేతుల వైపు చూశాను. ఎడం, అండి. ఎడమ, అండి. కలిపి పలికితే రెండూ ఒకటే. ఒకటి దూరం, ఇంకోటి కాలువ. నేను పదిసార్లు అలవాటు చేయించి మరీ నా కూతురిని గుర్రం ముందుకు పంపాను.

"మరి మేము ఎడమకు వస్తుంటే మీరేమనుకున్నారండీ ఇన్నాళ్ళూ?"

"ఎడం ఇవ్వండి అంటే మీదకొస్తన్నారేంటా అనుకున్నానండి. పెద్ద చదువులు చదివినోరు, గుర్రమంటే ముచ్చట కాబోలనుకున్నానండి." కాసేపు కిటికీలోంచి ప్యాసింజరును చూశారు. "గట్టు లేపోతే తారు రోడ్డేనండి. దీని కాళ్ళు ఆగవు. అంతర్వేదిలో ఒకాయన అడుగుతున్నాడు, తీర్థానికి పిల్లల్ని ఎక్కించి తిప్పుతాడంట. ఇసకలో పొద్దు గూకేదాకా తిప్పుతాడండి. ఈ కాళ్ళతో అది ఎన్నాళ్ళు తిరుగుద్ది? అమ్మటమంటే చంపటమే అనుకోండి."

జవాబు రాశాను. ఎడం సంగతీ, డెక్క సంగతీ, పెన్ను తీయకపోవడమూ, అన్నీ రాశాను. అర్జీ కంటే జవాబు పొడుగైంది.

విచారణకు వచ్చిన ఇంజనీరు శ్రీసత్య గారు. పాతికేళ్ళుంటాయి, స్కూటీ మీద పొద్దున ఏడింటికే లాకుల దగ్గర దిగారు. అసోసియేషన్ మొత్తం టోపీలతో హాజరు. కీర్తిప్రియ బడి సంచీతో సహా నా చెయ్యి పట్టుకుని ఉంది. అబ్బులు గారు గుర్రానికి స్నానం చేయించి తెచ్చారు. జవాబు నేనే చదివాను. పెన్ను దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. ఇంజనీరు గారు గట్టిగా చదవమన్నారు.

"అది అచ్చుతప్పే కావచ్చండి, అంతమాత్రాన అర్జీ తప్పవుతుందా?" అన్నారు చంద్రరావు గారు. "నేను పడ్డ మాట నిజం కదా!"

"పడ్డారండి. తాడు తగిలి" అన్నారు ఇంజనీరు గారు. శ్యామలాంబ గారు పింకీని ఎత్తుకుని, ఏమీ చెయ్యదని అందరికీ మరోసారి తెలియజేశారు.

"సరే, ఓసారి నడిచి చూపించండి."

అందరం నడిచాం. ఎడం అంటే ఏమిటో అప్పుడే విన్నవాళ్ళం, నాకైతే వారం ముందే తెలుసు. వెనక నుంచి కేక వచ్చింది. ఐదు టోపీలూ, శ్యామలాంబ గారూ, నేనూ, మా అమ్మాయీ అందరం చక్కగా ఎడమకు జరిగాం. అబ్బులు గారు అలవాటు ప్రకారం దిగి, ఆగి, దండం పెట్టారు.

మాట మార్చాలని తేలింది. "జరగండీ" అంటే ఎలా ఉంటుందని నేనన్నాను. జరగడానికి మేమేమైనా కుర్చీలమా అని చంద్రరావు గారికి కష్టం తోచింది. "తప్పుకోండీ" అంటే, పదవిలోంచి తప్పుకోమన్నట్టుందన్నారు. "పక్కకండీ" అంటే ఏ పక్కకి అని శ్యామలాంబ గారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

"నేను నోరు మూసుకుని ఆగుతానండి. తమరంతా ఎల్లాక ఎల్తాను. గట్టు మాత్రం తీసెయ్యకండి" అన్నారు అబ్బులు గారు. ఆ మాట చాలా నెమ్మదిగా అన్నారు.

"చెప్పకుండా వెనకాల గుర్రాన్ని తెస్తే అది మర్యాద కాదండి, ప్రమాదం" అని ఇంజనీరు గారు గట్టు మొదట్లో ఉన్న మా అసోసియేషన్ బోర్డు దగ్గరికి వెళ్ళారు. "ఉదయపు నడక, ఆయువుకు పెంపు" అని ఎర్ర అక్షరాలతో రాయించాం. ఆవిడ ఒక మేకు వదులు చేసి బోర్డును పక్కకు తిప్పారు. వెనక ఇరిగేషను వాళ్ళ పాత సిమెంటు పలక బయటపడింది. దాని మీదే మేము మేకులు కొట్టామన్నమాట.

"చదవండి ప్రెసిడెంటు గారూ."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని చదివారు. "గట్టుపై మనుషులు, పశువులు, వాహనాలు ప్రవేశించరాదు."

"అర్జీ మీద చర్య తీసుకోమంటే తీసుకుంటానండి. కాకపోతే పలక మీద ఉన్న వరసలోనే తీసుకోవాలి. ముందు మనుషులు."

చంద్రరావు గారు పలకను మరోసారి మొదటి నుంచి చదువుకున్నారు.

"పశువుల్లో పింకీ కూడా వస్తుందాండీ?" అన్నారు శ్యామలాంబ గారు.

"వస్తుందండి."

"పమేరియన్ అండీ!"

"అయినా వస్తుందండి."

ఐదు టోపీలూ ఒక చోట చేరి ఒక నిమిషం గుసగుసలాడాయి. తర్వాత చంద్రరావు గారు ముందుకొచ్చి, సాటి మనిషి పట్ల ఉదారంగా ఉండటం తమ అసోసియేషన్ మొదటి ఆశయమని, అందుకే అర్జీని వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించారు. మేము చప్పట్లు కొట్టాం. ఉదారత అంత తొందరగా పుట్టడం నేను మళ్ళీ చూడలేదు.

శ్రీసత్య గారు స్కూటీ సీటు మీదే కాగితం పెట్టి సంతకం చేస్తూ చెప్పాల్సింది చెప్పారు. "ఇద్దరికి మించి వరసలో నడవకండి. అమ్మా, ఆ తాడు ఒక మీటరుకు కత్తిరించండి. సార్, పాపను కాలువకు దూరంగా ఉండే పక్కన పట్టుకుని నడిపించండి, ఏ కేక వినపడినా చెయ్యి వదలొద్దని చెప్పండి. అబ్బులు గారూ, మీరు 'గుర్రమండీ' అనండి చాలు. గుర్రం వస్తోందని తెలిస్తే ఎటు పోవాలో వాళ్ళే చూసుకుంటారు."

"అంతేనాండి?" అన్నారు అబ్బులు గారు. కాగితం నా చేతికిచ్చారు. "ఏం రాశారండి, చూసి చెప్పండి. అచ్చు కాదుగా, చేత్తో రాసిందే."

చివరి మాట నా కోసమే అన్నారు. తీసుకున్నాను. "చర్య అవసరం లేదని రాశారండి. ప్యాసింజరు గట్టు మీదే తిరగొచ్చు."

ఆయన ముఖం అటు తిప్పుకుని గుర్రం మెడ నిమిరారు. తర్వాత లాకుల గోడ ఎక్కి దాని వీపు మీద కూర్చుని, "గుర్రమండీ" అన్నారు, కొత్త మాట కాబట్టి కొంచెం సిగ్గుపడుతూ. మేమంతా రెండు పక్కలా ఒత్తిగిల్లాం. ఎవరూ నీళ్ళలో పడలేదు.

అప్పటికి ఎండెక్కింది. విచారణకు నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్నాయని చంద్రరావు గారు ఆటో పిలిపించుకున్నారు. శ్యామలాంబ గారు పింకీని చంకనెత్తుకుని అదే ఆటో ఎక్కారు. నాకు ల్యాబుకు, మా అమ్మాయికి బడికి వేళ మించిపోయి రిక్షా మాట్లాడుకున్నాం. మొత్తం మీద ఆ పొద్దున గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నడక పూర్తి చేసింది ప్యాసింజరు ఒక్కటే.